తప్పించడమంటే

దుప్పటి కొసలు రెండు ఆమె చేతుల్లో, మిగతా రెండూ అతని చేతుల్లో. మధ్యలో తెల్లటి గుడ్డ, ఇంకా రోలర్ వేడి తగ్గనిది, గాలికి కాస్త ఉబ్బి, మళ్ళీ కుంగి, ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. ఇద్దరూ ఒక్కసారి వెనక్కి వాలి లాగుతారు. ఫట్‌మని చప్పుడై ముడతలు పోతాయి. కుడిచేతి కొసని ఎడమచేతికి అందించుకుని సగానికి మడుస్తారు, మళ్ళీ సగానికి మడుస్తారు, దుప్పటి పొడుగాటి పట్టీలా అయ్యాక అతను అటునుంచీ ఆమె ఇటునుంచీ నడిచి వచ్చి ఎదురెదురుగా నిలబడతారు. అతని కొసలు ఆమె కొసల మీదికి వస్తాయి. వేళ్ళు తగులుతాయి. వేళ్ళు తగలకుండా దుప్పటి మడవడం ఎవరి వల్లా కాదు, పని అలాంటిది, అందులో ఎవరి తప్పూ లేదు. ఆమె వంగి, కింద వేలాడుతున్న మడతని అందుకుని వెనక్కి నడుస్తుంది. ఆసుపత్రి లాండ్రీలో చేరినప్పటి నుంచీ ఆమెది ఇదే నడక, ముందుకీ వెనక్కీ, నిద్రలో కూడా కాళ్ళు ఇలాగే కదులుతాయని ఇంట్లో నవ్వుతారు. ఇవాళ మాత్రం నడుస్తున్నప్పుడు ఆమె కళ్ళు పదేపదే పక్కనున్న గుట్ట మీదికి పోతున్నాయి. మడవాల్సిన దుప్పట్ల గుట్ట. భోజనం వేళకి అది ఆమె భుజం దాకా ఉంది, ఇప్పుడు నడుము దాకా వచ్చింది. అది అయిపోయేలోగా చెప్పమన్నాడు అతను.

టీ తాగిన గ్లాసు కడుగుతూ, కుళాయి వైపే చూస్తూ అన్నాడు. "ఇవాళ మా ఇంట్లో ఎవరూ లేరు. షిఫ్టు అయ్యాక వెనక గేటు దగ్గర స్కూటర్ పెట్టుకుని ఉంటాను. రావాలనిపిస్తే రా. రాకపోతే నేనేం అనుకోను." ఎవరూ లేరంటే భార్యా పిల్లలూ లేరని. వాళ్ళు పెద్ద వదినగారి ఊరు వెళ్ళారని నిన్ననే మాటవరసకి చెప్పాడు. ఆమె వినీ విననట్టు తన గ్లాసు బోర్లించి వచ్చేసింది. ఆశ్చర్యపోవాల్సింది. కోపం రావాల్సింది. రెండూ రాలేదు, ఎందుకంటే పొద్దున ఇంట్లో బయలుదేరే ముందే, సాయంత్రం ఓవర్‌టైం ఉండొచ్చని భర్తతో చెప్పి వచ్చింది. ఓవర్‌టైం అని ఎవరూ అనలేదు. అతనింకా అడగనే లేదు. అడగని మాటకి ఆమె రాత్రే జవాబు సిద్ధం చేసుకుని, పొద్దున దానికో అబద్ధం కుట్టి తొడిగింది. మనిషి జారిపడేది కాలు జారినప్పుడని అంటారు గానీ, అంతకు చాలా ముందే, ఎక్కడో గట్టు మీద నిలబడి కిందికి చూస్తున్నప్పుడే పడిపోయి ఉంటుందేమో. లాగు, అంటున్నాడతను. ఆమె లాగింది. ఫట్.

పెద్దక్క ఉంటే ఇదంతా జరిగేది కాదు అనుకుంది. అనుకుని, ఇదీ ఒక సాకే అనుకుంది. పెద్దక్క ఎవరికీ సొంత అక్క కాదు, లాండ్రీ మొత్తానికీ అక్క. ఇన్నాళ్ళూ ఆమెకి ఎదురు కొసలు పట్టుకున్నది ఆవిడే. ఆవిడ లాగితే ఎంతటి మనిషైనా ముందుకి తూలాల్సిందే. దుప్పటికి అటొకరూ ఇటొకరూ వియ్యపురాళ్ళుండాలే పిల్లా, అప్పుడు చూడు ఒక్క ముడత మిగులుతుందేమో, అని తనే అనేది, తనే నవ్వేది. కళ్ళలో శుక్లాలు ముదిరి, పిల్లల వార్డు దుప్పట్లు తీసుకెళ్ళి ఆపరేషన్ గది బీరువాలో సర్దడం మొదలుపెట్టాక సూపర్‌వైజరమ్మ ఆవిణ్ణి కంటి ఆపరేషన్‌కి పంపించింది. సూపర్‌వైజరమ్మకి వెనకాల అందరూ పెట్టిన పేరు ఇస్త్రీ. ఆవిడ మొహంలో నవ్వు వల్ల వచ్చిన ముడత ఒక్కటీ లేదని ఆ పేరు పెట్టింది కూడా పెద్దక్కే. పెద్దక్క వచ్చేదాకా మధ్యాహ్నాలు నువ్వు పట్టుకో అని ఇస్త్రీ అతన్ని పంపింది. అతను బాయిలర్ చూసే మనిషి. మధ్యాహ్నం దాటితే ఆవిరితో అంత పని ఉండదు. ఎవరూ ఏమీ పన్నలేదు. ఒక ముసలావిడ కంటికి మసక కమ్మితే, ఇంకెవరికో కళ్ళు కనపడకుండా పోవడం మొదలైంది, అంతే.

మొదటి రోజు అతనికి ఏ చెయ్యి పైకి రావాలో తెలియలేదు. ఇద్దరూ ఒకే వైపు తిప్పేసరికి దుప్పటి తాడులా మెలిపడిపోయింది. అతను ఆ తాడుని చూసి, ఇది రోగికి కప్పడానికి కాదు, రోగిని కట్టేయడానికి పనికొస్తుంది అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వాక, ఆ చప్పుడు తన గొంతులోంచే వచ్చిందా అని ఒక్క క్షణం ఆగిపోయింది. ఇంట్లో నవ్వకూడదని ఎవరూ అనలేదు. నవ్వడానికి ఇద్దరు మనుషులు ఒకే వేళకి మెలకువగా ఉండాలి కదా. ఆయనది శీతల గిడ్డంగిలో రాత్రి కాపలా. ఆమె ఇల్లు చేరే వేళకి ఆయన గుమ్మంలో స్వెట్టరు భుజాన వేసుకుని నిలబడి ఉంటాడు. తాళంచెవి ఇస్తాడు. పాపకి జలుబు చేసింది, గ్యాస్ అయిపోవచ్చింది, పక్కింటి పిన్ని నీకోసం అడిగింది, అంటాడు. పొద్దున ఆయన రాగానే ఆమె గుమ్మంలో తాళంచెవి తిరిగిచ్చి, కూర గిన్నెలో ఉంది, నీళ్ళు పట్టాను, అంటుంది. ఎప్పుడిచ్చినా ఆ తాళంచెవి వెచ్చగానే ఉంటుంది, ఎంతసేపటి నుంచి పట్టుకుని నిలబడి ఉంటాడో. ఆ ఇంట్లో ఇద్దరి చేతులూ ఒకేసారి తగిలే వస్తువు అదొక్కటే. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైనా బాగుండేదని ఒక మధ్యాహ్నం అనుకుంది. ఆ మాట మనసులో మెదలగానే చేతిలో కొస జారింది, ఏమైంది అన్నాడు ఎదుటివాడు, ఏం లేదు అంది.

రోలర్ అంచు తగిలి మణికట్టు కాలినరోజు అతను మందు తెచ్చిచ్చాడు. అందరిలోకీ గమనించింది అతనొక్కడే. చెయ్యి ఎలా ఉందండీ అని అడిగినవాడు, రెండ్రోజులు పోయాక, నీకు చెయ్యి తగ్గిందా అన్నాడు. ఆ నీకు దగ్గర ఆమె ఆగాల్సింది. ఆగకపోగా తర్వాతి దుప్పటికి, గట్టిగా పట్టుకో, అంది. పట్టుకోండి అనాల్సిన చోట. అండి అన్న ఆ చిన్న ముక్క చొక్కా గుండీలా ఎప్పుడు తెగిందో, ఏ గుట్టలో పడిపోయిందో తెలియలేదు. ఊడిన గుండీలు లాండ్రీలో రోజూ దొరుకుతాయి. సూపర్‌వైజరమ్మ బల్ల మీద గాజుసీసా నిండా ఉన్నాయి. వాటి కోసం ఇంతవరకూ ఎవరూ వెతుక్కుంటూ రాలేదు.

పడుకునే ముందు ఆమె మోకరించి ప్రార్థన చేస్తుంది. ఒక్కొక్కరి పేరూ చెప్పి అడగడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆయన పేరు, పాప పేరు, కాళ్ళవాపుతో బాధపడే పిన్ని, కళ్ళ కోసం పెద్దక్క. ఆ వరసలో అతని పేరు కూడా వచ్చి చేరింది. అతని భార్యకి నడుమునొప్పి అని విని, పాపం అనిపించి, నిజంగానే అనిపించి, ప్రభువుని అడిగింది. మర్నాడూ అడిగింది. కొన్నాళ్ళకి, ఆ నడుమునొప్పి తగ్గాలని తను అడగడం లేదని అర్థమైంది. చీకట్లో, దేవుడి ఎదుట, అతని పేరు నోరారా పలకడానికి ఒక దారి దొరికిందని, అందుకే ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు నెమ్మదిస్తోందని. అప్పటి నుంచి ఆ పేరు దాటేయడం మొదలుపెట్టింది. దాటేసిన పేరు చెప్పిన పేరుకంటే బరువైంది. గదిలో ఒక గోడ దగ్గరికి వెళ్ళకుండా మిగతా గదంతా ఊడ్చినట్టు తయారైంది ప్రార్థన. నిన్న రాత్రి మోకరించి, ఏమీ అనలేక, ఆమెన్ అని లేచింది. ఆమెన్ ఒక్కటే మిగిలిన ప్రార్థన, కొసలు తప్ప మధ్యలో గుడ్డ లేని దుప్పటి.

గుట్ట మోకాళ్ళ దాకా వచ్చింది. ఆవిరి గొట్టం ఎక్కడో బుసకొట్టి ఆగింది. అతను నడిచి వస్తున్నాడు, ఆమె నడిచి వెళ్తోంది, కొసలు కలిశాయి, ఈసారి అతని వేళ్ళు వదలడానికి కాస్త ఆలస్యం చేశాయి. ఆమె వేళ్ళూ తొందరపడలేదు. ఒక్కసారే కదా అంటోంది లోపల ఏదో. ఎవరికీ తెలియదు కదా. ఆయనకి తెలియదు, అతని భార్యకి తెలియదు. దేవుడికి తెలుస్తుంది, కానీ ఆయన క్షమిస్తాడు, అడిగితే కాదనడు, ఇంతవరకూ కాదనలేదు. రేపు రాత్రి మోకరించి ఏడ్చి అడగొచ్చు. ఇలా అనుకుంటూనే ఆమె తన మాట తను విన్నది. ఇంట్లో పాప ఒక్కోసారి, దెబ్బలు పడవని తెలిసి, ముందే సారీ నాన్నా అని, ఆ తర్వాత గ్లాసులో నీళ్ళు పారబోస్తుంది. ప్రేమించేవాడని తెలుసు కాబట్టే చేసే మోసం. ఆ సారీకి ఆయన నవ్వడు. కోప్పడడు కూడా. ఊరికే పాప మొహంలోకి చూస్తాడు, ఆ చూపు భరించలేక పాపే వచ్చి నేల తుడుస్తుంది.

పాప. ఇవాళ పొద్దున ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి నిలబడిపోయింది పాప. ప్రభువు నేర్పిన ప్రార్థన ఆదివారం బడిలో అప్పజెప్పాలి, అందుకని వంటింటి గుమ్మంలో చేతులు జోడించుకుని వల్లె వేస్తోంది. కీడు నుండి మమ్మును తప్పించుము అన్నచోట ఆగి, "నడిపించు అంటే నడిచేలా చెయ్యమని. తినిపించు అంటే తినేలా చెయ్యమని. మరి తప్పించు అంటే తప్పు చేసేలా చెయ్యమనేగా? రోజూ అందరూ దేవుణ్ణి అది ఎందుకు అడుగుతారు?" అంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, మేజోళ్ళు విప్పుకుంటున్న ఆయన పగలబడి నవ్వాడు. ఎన్నాళ్ళకి విన్నదో ఆ నవ్వు. ఇటు రా తల్లీ, అని పిలిచి, ఇప్పుడు నువ్వు రోడ్డు మధ్యలో నిలబడ్డావనుకో, అటునుంచి లారీ వస్తోందనుకో, అంటూ భుజం పట్టి ఒక్క గుంజు గుంజి తన పక్కకి లాక్కున్నాడు. "ఇదీ తప్పించడమంటే. లారీని ఆపమని నీకు ఎవరూ చెప్పలేదు. నీ వల్ల కాదు, నా వల్లా కాదు. దాని దారిలోంచి పక్కకి వచ్చావా లేదా, అంతే."

"మరి లారీ?"

"దాని దారిన అది పోతుంది."

పాపకి అది ఆటైపోయింది. ఇంకోసారి తప్పించు నాన్నా, ఇంకోసారి, అని గుమ్మంలో నిలబడటం, ఆయన రాత్రంతా మంచుగదుల ముందు బిగుసుకుపోయిన చేతులతో దాన్ని లాక్కోవడం. ఆమె వాళ్ళకి వీపు చేసి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆ నవ్వుల మధ్యలోనే, వెనక్కి తిరగకుండానే, ఆ మాట అనేసింది. సాయంత్రం ఓవర్‌టైం ఉండొచ్చు, తాళంచెవి పిన్నికి ఇచ్చి పాపని అక్కడ వదిలి వెళ్ళండి. నవ్వుతున్న గొంతుతోనే ఆయన, సరే, చీకటి పడుతుందేమో, చూసుకుని రా, అన్నాడు. చూసుకుని రా. మధ్యాహ్నం నుంచి ఆ రెండు మాటలు ఎక్కడో గీసుకుంటున్నాయి, లోపలి కుట్టులో మిగిలిపోయిన సూదిలా.

చిన్నప్పుడు తనూ ఆదివారం బడికి వెళ్ళేది. యజమాని భార్య పైబట్ట పట్టుకుని లాగితే, ఆ బట్ట ఆవిడ చేతిలోనే వదిలేసి పారిపోయిన పనివాడి కథ చెప్పారు. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమెకి మాత్రం ఆ కథ నచ్చలేదు. పారిపోవడం గొప్పేమిటి, నిలబడి గట్టిగా కాదనొచ్చు కదా అని అడిగింది. టీచరమ్మ ఏదో చెప్పబోయేలోపు ఇంకో సందేహం అడిగింది, మరి ఆ బట్ట తిరిగి ఇచ్చారా, అతనికి ఇంకో బట్ట ఉందా అని. అందరూ నవ్వారు. బట్టల గురించి అప్పుడే బెంగ, అందుకే బట్టల కొలువు దొరికిందని అమ్మ చాలాకాలం వేళాకోళం చేసింది. నిలబడి కాదనడం. ఈ మూడు వారాలుగా ఆమె ఎదురుచూస్తున్నది దాని కోసమే. ఏదో ఒక రోజు పొద్దున లేచేసరికి అతని మీద ధ్యాస పోయి ఉంటుంది, ప్రభువు ఆ బలం ఇచ్చి ఉంటాడు, అప్పుడు తొణక్కుండా బెణక్కుండా కాదంటుంది. ఆ పొద్దు రాలేదు. ఇవాళా రాలేదు. ఇప్పుడు, ఈ దుప్పటి పట్టుకుని, వెళ్ళాలని ఉందో లేదో ఎవరైనా అడిగితే, ఉంది. నిజం అదే. దేవుడికి అబద్ధం చెప్పి ఏం లాభం. ఉంది ప్రభువా. నాకు వెళ్ళాలని ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో దేవుడితో ఒక పూర్తి మాట అన్నది.

గుట్టలో నాలుగైదు మిగిలాయేమో. కొత్త దుప్పటి విప్పారు. అది చాపలా పరుచుకుని ఇద్దరి మధ్యా తెల్లగా నిలిచింది. అతను కొసలు సవరించుకుని, గొంతు తగ్గించి, "ఏమంటావ్?" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు. అప్పుడు చాకిరేవు గది తలుపులు ధడాలుమని తెరుచుకుని తడిబట్టల ట్రాలీ వచ్చింది. దాన్ని తోసే మనిషిని అందరూ ట్రాలీ తాత అంటారు. ఆ బండికి బ్రేకు లేదు, తాతకి చెవులు లేవు, అందుకని పొద్దస్తమానం అరుస్తూనే తోస్తాడు. "తప్పుకోండమ్మా, తప్పుకోండి." మామూలుగా అయితే ఇద్దరూ చేతులు పైకెత్తుతారు, దుప్పటి కింద నుంచి బండి వెళ్ళిపోతుంది, తాత పెళ్ళికొడుకులా తల వంచుకుని దాటుతాడు, మళ్ళీ చేతులు దించుతారు. అతను చేతులు ఎత్తాడు కూడా. రోజూ ఎన్నిసార్లు విన్న మాటో అది. ఏళ్ళ తరబడి బాయిలర్ రొదలో, రోలర్ చప్పుళ్ళలో కలిసిపోయి వినపడటమే మానేసిన మాట. తప్పుకోండి. తప్పించడమంటే. నీ వల్ల కాదు, నా వల్లా కాదు. గుమ్మంలో పాప భుజం మీద పడిన చెయ్యిలాంటిదే, ఎవరిదో, తన భుజం మీద పడినట్టయింది. ఆమె చేతులు ఎత్తలేదు. వేళ్ళు వదిలేసింది. రెండు కొసలూ జారి నేలమీద పడ్డాయి, ఆమె గోడ వైపుకి జరిగిపోయింది, ట్రాలీ ఒక చక్రం దుప్పటి అంచు మీద నుంచి ఎక్కి, తడిచార మిగిల్చి, కిర్రుమంటూ వెళ్ళిపోయింది.

అతను ఇంకా అటుచివర తన కొసలు రెండూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దుప్పటి అతని చేతుల్లోంచి నేల మీదికి వాలి ఉంది. ఎత్తు, అన్నట్టు చూశాడు. ఆమె గోడకి ఆనుకునే ఉంది. వెళ్ళాలని ఇంకా ఉంది. అది ఎక్కడికీ పోలేదు. కాళ్ళు మాత్రం కదలలేదు, కదపలేదు.

"మీరు తప్పుకోండి," అంది. "మిగిలినవి నేనొక్కదాన్నే చేసుకుంటాను."

మీరు అన్న మాట దగ్గర అతని మొహం మారింది. అండి అన్నచోట పూర్తిగా అర్థమైంది. అతను చెడ్డవాడు కాడు, అదే కష్టం. పట్టుకున్న కొసల్ని విసిరేయకుండా, మెల్లిగా బల్ల మీద పెట్టి, బాయిలర్ గది వైపు వెళ్ళాడు. నడకలో ఒక్కసారి ఆగినట్టనిపించింది. ఆమె చూపు తిప్పుకుని మట్టి అంటిన దుప్పటి ఎత్తి ఉతుకుడు బుట్టలో వేసింది. అది మళ్ళీ నీళ్ళు చూడాలి. అతనికి ఇంకో బట్ట ఉందా అని అడిగిన చిన్నపిల్ల గుర్తొచ్చింది. టీచరమ్మ ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు.

ఒక్కరే దుప్పటి మడవడం ఒక చిన్న యుద్ధం. చేతులు చాలవు, కొస అందితే మధ్య జారుతుంది, మధ్య అందితే అంచు నేల తుడుస్తుంది. మిగిలినవన్నీ ఎలాగో చుట్టి గుట్ట మీద పెట్టింది. షిఫ్టు గంట మోగింది. జనం చేతులు కడుక్కుంటూ, కబుర్లాడుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఇస్త్రీ వచ్చి గుట్ట అంచు వెంట వేలు పోనిచ్చి, పైనున్న వాటి దగ్గర ఆగింది. "ఇవేంటి, వంకరటింకరగా? విప్పి మళ్ళీ మడిచి వెళ్ళు." ఆమె మొహం వైపు ఒక్కసారి తేరిపార చూసి, ఏమనుకుందో, "పెద్దక్క సోమవారం వస్తుందట," అని కలిపి, రేపటికి ఇంకెవరినైనా ఆడమనిషిని వేస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

అయితే ఇక ఓవర్‌టైమే. పొద్దున ఆడిన అబద్ధం సాయంత్రానికి నిజమై కూర్చుంది. నవ్వొచ్చేలా ఉంది గానీ నవ్వు రాలేదు. ఇప్పుడు నిజమైతే మాత్రం, అన్నప్పుడది అబద్ధమే. ఈపాటికి ఆయన స్వెట్టరు వేసుకుని, తాళంచెవి పిన్ని చేతికి ఇస్తూ ఉంటాడు. ఆ వెచ్చదనం ఇవాళ పిన్నికి. రేపు పొద్దున ఆయన మేజోళ్ళు విప్పుకునేటప్పుడు వీపు చేసి కాకుండా ఎదురుగా నిలబడి చెప్పాలి. ఎంత చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియదు. చెప్పాలని మాత్రం తెలుసు.

వెనక గేటు వైపు నుంచి స్కూటర్ స్టార్టయిన చప్పుడు వచ్చింది. కదిలి వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడి, గురగురమంటూ ఉంది. ఆమె వంకర మడతల్లో మొదటిదాన్ని విప్పింది. ఒంటరిగా మడవాలంటే ఒకటే పద్ధతి, పెద్దక్క ఎప్పుడో చూపించింది: దుప్పటి మధ్య అంచుని గడ్డం కింద పెట్టుకుని, గడ్డాన్ని గుండెకి గట్టిగా అదమాలి, అప్పుడు రెండు చేతులూ రెండు కొసల దాకా వెళ్తాయి. తల వంచకుండా ఆ పని జరగదు. ఆమె తల వంచింది. గుడ్డ ముక్కుకి తగిలి, సబ్బూ వేడీ కలిసిన వాసన వచ్చింది. గేటు దగ్గర చప్పుడు ఇంకా అక్కడే ఉంది. ఆమె ఆ వంచిన తలతోనే, పెదవులు కదిలీ కదలకుండా, ఇన్నాళ్ళూ దాటేస్తున్న పేరు పలికింది, దాని పక్కనే అతని భార్య పేరు కూడా పలికింది, ఈసారి గొంతు నెమ్మదించలేదు. తర్వాత ఆయన పేరు, పాప పేరు. ఆ తర్వాత పొద్దున పాప ఆగిపోయిన ఆ ఒక్క మాట. స్కూటర్ గేరు పడింది. చప్పుడు సందు చివరి దాకా వెళ్ళి, మలుపు తిరిగి, దాని దారిన అది పోయింది. ఆమె కొసలు రెండూ కలిపి, ఇంకో దుప్పటి అందుకుంది.